అమ్మేసే గేదెకి కొత్త పలుపు కొనాలా? షటిల్ చివరి రోజుల కేసు

నా పని కోల్డ్ చెయిన్ లారీలు చూసుకోవడం, అంటే భీమవరం వైపు నుంచి విశాఖ పోర్టుకి రొయ్యలు మోసే రీఫర్ (సరుకుని చల్లగా ఉంచే) బళ్లకి ఏం కొనాలి, ఏది తీసేయాలి, దేనికి డబ్బు పెట్టాలి అన్న ఫైళ్లు ముందు నా దగ్గరికే వస్తాయి. కొన్నేళ్ల కిందట, రెండేళ్లలో తీసేయాలని అప్పటికే తేల్చేసిన పాత లారీలకి కొత్త ఇన్సులేటెడ్ బాడీలు, కూలింగ్ యూనిట్లు కావాలని ఒక ఫైలు వచ్చింది. పది నిమిషాల్లో తిప్పి పంపేశాను. "అమ్మేసే గేదెకి కొత్త పలుపెందుకు?" అని మీటింగులో ఒక డైలాగు కూడా వేశాను, అందరూ నవ్వారు కూడా. సాయంత్రం షెడ్డులో మా ముసలి మేస్త్రీ మాత్రం నవ్వలేదు. "గేదెని అమ్మినా పలుపు మనం ఇచ్చెయ్యం కదండీ, విప్పి ఇంటికి తెచ్చుకుంటాం" అన్నాడు. బాడీ విప్పి కొత్త చాసిస్ మీద ఎక్కించుకోవచ్చని ఆయన ఉద్దేశం. కొలతలు తీయించి చూస్తే దాదాపు అన్నీ సరిపోయేవే. అప్పటికి కొటేషన్ గడువు అయిపోయింది, మళ్లీ అడిగితే రేటు పెరిగింది.

ఆ దెబ్బ తగిలాక ఇలాంటి నిర్ణయం పెద్ద ఎత్తున ఎవరైనా తీసుకున్నారా అని వెతికితే అమెరికా స్పేస్ షటిల్ దొరికింది, అంటే మనుషుల్నీ సామాన్నీ అంతరిక్షంలోకి మోసుకెళ్లి మళ్లీ తిరిగొచ్చే బండి. ఇప్పుడు మా టీములోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పే మొదటి కేసు ఇదే. నేను అంతరిక్ష ఇంజనీర్ని కాను. సామాను కొనే మనిషి కళ్లతోనే దీన్ని చూస్తాను.

అసలు పరిస్థితి ఏమిటంటే, 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అనే షటిల్ తిరిగొస్తూ విచ్ఛిన్నమైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. 2004 జనవరి 14న అధ్యక్షుడు బుష్ ప్రకటన చేశాడు: అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కట్టడం పూర్తి చేసి 2010 నాటికి షటిళ్లని ఆపేస్తాం అని. చేతిలో మిగిలినవి డిస్కవరీ, అట్లాంటిస్, ఎండెవర్ మూడే. స్టేషనేమో సగంలో ఉంది. షటిల్ కార్గో బే (సామాను పెట్టే చోటు) 18.3 మీటర్ల పొడవు, 4.6 మీటర్ల వెడల్పు. అంత పెద్ద సామాను పైకి మోసుకెళ్లి, మనుషుల చేత బిగించి, కావాలంటే మళ్లీ కిందికి తేగలిగే బండి ఇంకోటి లేదు. ఆపేసే తేదీ తెలిసిన బండికి కొత్త కార్గో సామాను కోసం డబ్బు పెట్టాలా వద్దా అన్నది వాళ్లు ఒక్కసారి తేల్చేసి ఊరుకున్న విషయం కాదు, ఆ ఆరేడేళ్లలో వేర్వేరు సామాన్ల మీద మళ్లీ మళ్లీ తేల్చుకోవాల్సి వచ్చింది. ప్రతిసారీ జవాబు ఒకటే రాలేదు, నాకు ఈ కేసు నచ్చింది అందుకే.

ముందు కొనకూడదని వదిలేసినదాని సంగతి. షటిల్‌కి కరెంటు ఫ్యూయల్ సెల్స్ నుంచి వస్తుంది, వాటికి ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ కావాలి. ట్యాంకులు ఖాళీ అయితే ఇంటికి రావాల్సిందే. అందుకని బే వెనకభాగంలో అదనపు ట్యాంకులతో ఒక పెద్ద చట్రం బిగించేవారు, ఎక్కువ రోజులు ఉండటానికి. 1992లో మొదటిసారి ఎగిరింది. 1996 చివర్లో కొలంబియా 17 రోజులకి పైగా పైన ఉండిపోయి షటిళ్లన్నిటిలో రికార్డు పెట్టిందంటే దాని పుణ్యమే. ఆ చట్రం కొలంబియాతోపాటే పోయింది. ఇంకోటి చేయించుకోవాలా? చేయించలేదు. నింపితే మూడు టన్నుల పైమాటే, అంటే స్టేషన్‌కి మోయాల్సిన సామాను అంత తగ్గిపోతుంది, పైగా బండి ఆగిపోయాక దానికి ఇంకెక్కడా పని లేదు. ఈ నిర్ణయంలో నాకు తప్పేమీ కనబడదు.

కానీ ఎక్కువ రోజులు పైన ఉండాల్సిన అవసరం మాత్రం పోలేదు కదా. పోకపోగా పెరిగింది. ప్రయాణాలు లెక్కగా మిగిలాయి, ఒక్కో ప్రయాణంలో చేయాల్సిన స్పేస్‌వాక్‌లు ఎక్కువయ్యాయి. అందుకని వేరే దారి పట్టారు: షటిల్ స్టేషన్‌కి అతుక్కుని ఉన్నన్నాళ్లూ స్టేషన్ సోలార్ పలకల కరెంటే లాక్కుంటే పోలా? స్టేషన్‌లో 120 వోల్టుల డీసీ, షటిల్‌లో 28 వోల్టుల డీసీ. మధ్యలో మార్చే పెట్టెలు కావాలి. అంతకుముందు షటిల్ నుంచి స్టేషన్‌కి కరెంటు ఇచ్చే ఏర్పాటు ఉండేది, దాని జాగాలో రెండువైపులా పనిచేసే కొత్త యూనిట్లు పెట్టి, 8 కిలోవాట్ల దాకా తీసుకునేట్టు చేశారు. 2007 ఆగస్టులో ఎండెవర్‌తో మొదలైంది, అదే ఏడాది అక్టోబరులో డిస్కవరీకి. అంటే ఆపేయడానికి మూడేళ్ల ముందు, ఆగిపోయే బండిలో, ఆ బండితోపాటే మూలపడే సామాను.

మా కమిటీలో ఎవరైనా ఈ ఫైలు పెడితే నాలుగు రాళ్లు విసిరేవాళ్లు. అయినా లెక్క చూడండి. ఈ ఏర్పాటుతో ఒక్కో ప్రయాణంలో మూడు నాలుగు రోజులు ఎక్కువ ఉండొచ్చు. ఆ మొదటి ప్రయాణాలతో కలిపి ఎండెవర్ ఆరుసార్లు, డిస్కవరీ ఆరుసార్లు ఎగిరాయి. మొత్తం పన్నెండు. ప్రతిసారీ పూర్తిగా వాడుకోలేదనుకున్నా, తక్కువలో తక్కువ పాతిక ముప్ఫై రోజుల పని అనుకోండి (ఈ అంచనా నాది). 2008 మార్చిలో ఎండెవర్ దాదాపు 12 రోజులు స్టేషన్‌కి అతుక్కుని ఉంది, ఆ ఏర్పాటు లేని అట్లాంటిస్ 2009 నవంబరులోనూ 2010 మేలోనూ ఏడేసి రోజులే ఉంది. పాతిక రోజులంటే మూడు నాలుగు ప్రయాణాలంత పని అన్నమాట, ఆ షటిల్ కార్యక్రమానికేమో ఏడాదికి సుమారు 3 వందల కోట్ల డాలర్లు ఖర్చు. కన్వర్టర్ పెట్టెల ధర ఎంతైనా ఈ పోలికలో చిల్లరే అవుతుంది.

దీనికీ ఒక ఎదురు ఖర్చు ఉంది, మొదట్లో నేను గమనించలేదు. ఫ్యూయల్ సెల్‌లో కరెంటుతోపాటు నీళ్లు వస్తాయి, ఆ నీళ్లని సంచుల్లో పట్టి స్టేషన్‌కి ఇచ్చేవారు. కరెంటు బయటి నుంచి తీసుకుంటే ఫ్యూయల్ సెల్ తక్కువ పనిచేస్తుంది, నీళ్లూ తగ్గుతాయి. నీళ్లు శుద్ధి చేసుకునే యంత్రం స్టేషన్‌కి 2008 నవంబరులో చేరింది కాబట్టి సరిపోయింది. మా లైనులోనూ ఇంతే, డీజిల్ తగ్గించాం అని సంతోషిస్తూ ఉంటాం, దాంతోపాటు ఇంకేం తగ్గిందో ఆర్నెల్లకి గాని తెలియదు.

ఇక మూడో షటిల్ అట్లాంటిస్‌కి ఆ కరెంటు ఏర్పాటు పెట్టలేదు. కారణం సబబుగానే ఉంది: దాన్ని 2008లోనే ఆపేసి మిగతా రెండిటికీ విడిభాగాలకి వాడదామని అప్పటి ప్లాన్. తీరా జరిగిందేమిటి? ప్లాన్ మారింది, 2009 మేలో హబుల్ టెలిస్కోప్ బాగుచేతకి వెళ్లింది, ఆ తర్వాత మరో మూడుసార్లు స్టేషన్‌కి వెళ్లింది, 2011 జులైలో మొత్తం షటిళ్ల చరిత్రలో ఆఖరి ప్రయాణం చేసింది కూడా అదే. ముందు రిటైర్ కావాల్సింది అందరికన్నా చివర రిటైర్ అయింది! ఆఖరి ప్రయాణంలో నలుగురే ఉన్నారు గనక, పొదుపుగా వాడి ఇంకో రోజు సంపాదించుకున్నారు. రిటైర్మెంట్ తేదీ అన్నది కాగితం మీద ఎంత గట్టిగా రాసినా కదులుతుంది, కదిలితే ఎప్పుడూ వాయిదా వైపే కదులుతుంది. నా ఇరవై ఏళ్లలో అనుకున్న తేదీకి ముందే తీసేసిన లారీ ఒక్కటి కూడా చూడలేదు, యాక్సిడెంట్ అయినవి తప్ప. అలాగని ప్రతి ఫైలులో రెండేళ్లు కలిపేయమని అనను, అలా మొదలుపెడితే అన్నీ పాసైపోతాయి. అట్లాంటిస్ విషయంలో వాళ్లది తప్పని నేను అనలేను. దురదృష్టం అంటానంతే.

ఇప్పటిదాకా చెప్పింది బండికే బిగించి ఉండే సామాను సంగతి. మా మేస్త్రీ చెప్పిన పలుపు ఇక్కడి నుంచి వస్తుంది.

స్టేషన్ బయట స్పేర్ పార్టులు పెట్టుకోవడానికి అరలు కావాలి. పెద్ద అరలు, ఒక్కొక్కటి షటిల్ బే వెడల్పంతా ఉండి నాలుగు టన్నులకి పైగా మోసేవి, కరెంటు, డేటా కనెక్షన్లతో సహా. వీటి మూలరూపం 1997 ఒప్పందం ప్రకారం బ్రెజిల్ కట్టివ్వాల్సింది. ఖర్చు భరించలేక వాళ్లు తప్పుకున్నారు, పని నాసా గొడ్డార్డ్ కేంద్రం మీద పడింది. ఎక్స్‌ప్రెస్ లాజిస్టిక్స్ క్యారియర్లు అని పేరు. రెండు 2009 నవంబరులో అట్లాంటిస్‌లో వెళ్లాయి, నాలుగోది 2011 ఫిబ్రవరిలో, మూడోది అదే ఏడాది మేలో (వరస తప్పింది, నేను కాదు, వాళ్లే అలా పంపారు). తేదీలు చూస్తే తల తిరుగుతుంది: ఇవన్నీ షటిల్ ఆఖరి ఇరవై నెలల్లో వెళ్లిన సామాన్లు. ఆపేసే బండి మీద కొత్త కార్గో సామాను అంటూ మామూలు ఆడిటర్ ఎవరైనా ఎర్ర ఇంకు పెడతాడు.

పెట్టకూడదు. ఎందుకంటే ఆ అర షటిల్‌ది కాదు, స్టేషన్‌ది. షటిల్ దాన్ని ఒక్కసారి మోస్తుంది, దించుతుంది, వెళ్లిపోతుంది. పైగా బండి ఆగిపోతోంది కాబట్టే అర్జెంటు. 2009 నవంబరులో ఆ రెండు అరల మీద సుమారు 13 టన్నుల స్పేర్లు వెళ్లాయి, స్టేషన్‌ని తిన్నగా నిలిపి ఉంచే పెద్ద గైరోస్కోపు, అమ్మోనియా ట్యాంకు, పంపు, ఇలాంటివి. వేరే బళ్లలో పట్టనివాటికే అప్పుడు ముందు చోటు ఇచ్చారు. బట్టలూ తిండీ రష్యా ప్రోగ్రెస్ మోస్తుంది, జపాన్ బండి మోస్తుంది, గైరోస్కోపుకి మాత్రం ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? కొత్త ఇంటికి మారేటప్పుడు టెంపో వెళ్లిపోయేలోపు బీరువా, మంచం ఎక్కించేసి గిన్నెలు రేపు స్కూటర్ మీద తెచ్చుకుందాం అనుకోమూ, అదే లెక్క.

నా దృష్టిలో ఈ కేసులో అసలు గట్టి వాదన షటిల్ రిటైర్మెంట్ గురించి కాదు, స్టేషన్ ఎన్నాళ్లుంటుంది అన్నదాని గురించి. అప్పటి బడ్జెట్ లెక్కల్లో స్టేషన్‌కి 2015 తర్వాత డబ్బే లేదు, 2016 మొదట్లో సముద్రంలోకి దించేయాలని ఊహ. 2009లో అమెరికా ప్రభుత్వం వేసిన అగస్టీన్ కమిటీ దీన్నే ఎత్తిచూపింది. ఆ ఊహే నిజమై ఉంటే 2011లో బిగించిన అర నాలుగైదేళ్లు పనిచేసి, మీద ఉన్న స్పేర్లలో సగం కాగితం కూడా విప్పకుండా కాలిపోయేది. అప్పుడు ఇదే నిర్ణయాన్ని నేను దుబారాకి ఉదాహరణగా చెప్పుకునేవాణ్నేమో. తర్వాత గడువు 2020 అయింది, 2014లో 2024 అన్నారు, ఇప్పుడు 2030. కాబట్టి మా కొత్తవాళ్లకి నేను చెప్పేది: సామాను ఎక్కడ మిగిలిపోతుందో చూడటంతో పని అవలేదు, అది మిగిలే చోటు ఎన్నాళ్లుంటుందో కూడా అడగండి. మా లారీ బాడీలకైతే ఈ ప్రశ్న, "కొత్తగా కొనబోయే చాసిస్ కంపెనీ అదే వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఎన్నాళ్లు అమ్ముతుంది?" అని.

స్పేర్లు నిజంగా అక్కరకొచ్చాయా అంటే, వచ్చాయి. 2010 జులై 31న స్టేషన్ చల్లబరిచే అమ్మోనియా పంపుల్లో ఒకటి ఆగిపోయింది, చల్లబరిచే శక్తిలో సగం పోయింది, చాలా పరికరాలు ఆపేయాల్సి వచ్చింది. వ్యోమగాములు డగ్ వీలాక్, ట్రేసీ కాల్డ్‌వెల్ డైసన్ ఆగస్టు 7, 11, 16 తేదీల్లో మూడుసార్లు బయటికెళ్లి, గొట్టం కనెక్షన్ బిగుసుకుపోతే తంటాలుపడి, కొత్త పంపు పెట్టారు. ఆ కొత్త పంపు ఎక్కడి నుంచి వచ్చింది? పైనే, ఇంకా పాత తరహా అర ఒకదాని మీద ముందే పెట్టి ఉంచారు. 2013 డిసెంబరులో మళ్లీ అదే కథ, ఈసారి వాల్వు, మళ్లీ బయటి అర మీది స్పేరే. అప్పటికి షటిళ్లు మ్యూజియంలో ఉన్నాయి. అరా, పంపూ లేకపోయుంటే ఏమయ్యేదో ఊహించడం నా పని కాదు గానీ, టెన్షన్ మాత్రం ఊహించగలను, రొయ్యల లోడుతో తుని దగ్గర రాత్రి పన్నెండుకి కంప్రెసర్ ఆగిపోతే ఉండే టెన్షన్ నాకు తెలుసు.

అరలకి ఇంకో బోనస్ కూడా దక్కింది. స్పేర్లకోసం కట్టిన వాటిమీద ప్రయోగాలకీ చోటు ఉంచారు. 2017లో ఓజోన్ కొలిచే సేజ్ 3, న్యూట్రాన్ నక్షత్రాలు చూసే నైసర్, రెండూ స్పేస్‌ఎక్స్ డ్రాగన్ వెనక డిక్కీలో వెళ్లి ఈ అరల మీదే కూర్చున్నాయి. షటిల్ దించిన అరకి వేరే కంపెనీ బండి సరుకు తెస్తోంది. పాత చాసిస్ నుంచి విప్పిన బాడీ కొత్త లారీ మీద ఎక్కినట్టే.

పలుపు విప్పి తెచ్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లియొనార్డో. ఇటలీలో చేసిన మూడు కార్గో గదుల్లో ఒకటి అది, మిగతావి రఫాయెల్లో, డొనాటెల్లో. సుమారు 6.4 మీటర్ల పొడుగు డబ్బా, లోపల గాలి ఉంటుంది, 9 టన్నుల దాకా సరుకు పడుతుంది. షటిల్ బేలో వెళ్లి, స్టేషన్‌కి తగిలించి సరుకు దించి, మళ్లీ అదే షటిల్‌లో ఇంటికి రావాలి. అంటే షటిల్ ఆగితే ఈ డబ్బాలు ఉత్త తుక్కు. కాకపోతే ఎవరికో మంచి బుద్ధి పుట్టింది: ఆఖరి ట్రిప్పులో ఒకదాన్ని అక్కడే వదిలేస్తే? పైన ఉండేది కొన్ని రోజులే అని దీనికి కవచం పలచగా పెట్టారు, ఏళ్ల తరబడి ఉండాలంటే సన్నటి ఉల్కధూళి నుంచి కాపాడే అదనపు తొడుగు కావాలి. 2010 ఏప్రిల్‌లో తిరిగొచ్చిన లియొనార్డోకి ఆ తొడుగు వేశారు, ఎప్పుడూ ఎగరని డొనాటెల్లో నుంచి కొన్ని భాగాలు పీకి దీనికి పెట్టారు, 2011 ఫిబ్రవరి 24న డిస్కవరీ ఆఖరి ప్రయాణంలో పంపేశారు. డిస్కవరీ వచ్చేసింది, లియొనార్డో ఉండిపోయింది, స్టేషన్‌కి స్టోర్ రూమ్‌గా. 2015 మేలో ఒక తలుపు నుంచి తీసి ఇంకో తలుపుకి కూడా తగిలించారు. తెలంగాణ మూలాలున్న రాజా చారి 2021 నవంబరు నుంచి ఆర్నెల్లు స్టేషన్‌లో ఉన్నప్పుడు సామాన్ల గది అదే. కొత్త డబ్బా కొనలేదు, ఉన్నదానికే తొడుగు వేసి ఇంటి గది చేశారు. ఇంత సింపుల్ ఐడియా ముందే ఎందుకు ప్లాన్ చేయలేదని నాకు కొంచెం కోపం కూడా ఉంది. మొదటి నుంచీ అనుకునుంటే డొనాటెల్లోని కూడా వదిలిరావచ్చేమో అనిపిస్తుంది, అయితే స్టేషన్‌లో తలుపులు కూడా లెక్కగానే ఉంటాయి మరి.

ఫైళ్లలో ఎవ్వరూ రాయని ఇంకో సంగతి, తిరుగు లోడు. మా లైనులో రిటర్న్ లోడు అంటాం. 2010లో చెడిపోయిన ఆ పంపుని ఏం చేశారో తెలుసా? పారేయలేదు. ఎందుకు చెడిపోయిందో తెలియాలంటే కిందికి తెచ్చి విప్పాలి. మామూలు కార్గో బళ్లలో చాలావరకు తిరుగుదారిలో కాలిపోతాయి, డ్రాగన్ క్యాబిన్ తిరిగొస్తుంది గానీ డిక్కీ కాలిపోతుంది. అందుకని 2011 జులైలో అట్లాంటిస్ ఆఖరి ప్రయాణంలో రఫాయెల్లో వెనక ఒక తేలికపాటి అడ్డచట్రం పెట్టి, పోతూ ఇంధనం నింపే రోబో ప్రయోగం సామాను తీసుకెళ్లి, వస్తూ ఆ పంపుని బిగించుకొచ్చారు. ఆ చట్రం షటిల్‌తోపాటే రిటైర్ అయింది, ఎక్కడా మిగల్లేదు, పన్నెండు ప్రయాణాల లెక్క కూడా దానికి లేదు. అయినా ఆ ఖర్చుని నేను ఒప్పుకుంటాను. తెరుచుకున్న తలుపు రేపటి నుంచి మూసేస్తారని తెలిసినప్పుడు, ఇవాళ బయటికి తెచ్చుకోగలిగింది తెచ్చుకోవాలి కదా.

మా ఫారంలో ఇప్పుడు మొదటి గడి "బండికి ఎన్నేళ్లు మిగిలాయి" కాదు, "బండి పోయాక ఈ సామాను ఎక్కడుంటుంది" అని మార్చాను. ఎక్కడా ఉండదు అని జవాబు వస్తే, షటిల్ కరెంటు పెట్టెల్లా మిగిలిన ట్రిప్పుల్లోనే తన డబ్బు తాను రాబట్టాలి, రాబట్టలేదంటే అదనపు ట్యాంకుల చట్రం దారే. మా అకౌంట్స్ అమ్మాయి ఈ గడి మార్చడానికి ఒప్పుకోలేదు చాలాకాలం, తరుగుదల లెక్క వాహనంతో ముడిపడి ఉంటుంది గనక బాడీకి విడిగా నంబరు ఇవ్వాలంటే సాఫ్ట్‌వేర్ మార్చాలంది. నిజమే, మార్చడానికి నాలుగు నెలలు పట్టింది.

ఈమధ్య ట్రైనింగులో ఒక కుర్రాడు మంచి ప్రశ్న వేశాడు. "సార్, స్టేషనే 2030లో పోతుందంటున్నారు కదా, మరి 2021 నుంచి దానికి చుట్టచుట్టి విప్పే కొత్త సోలార్ పలకలు ఎందుకు పెట్టారు?" అని. ఆలోచించి చెప్పాను: అవి విప్పి ఇంటికి తెచ్చుకునేవి కావు, అక్కడే పోయేవి, కాబట్టి వాటిని కరెంటు పెట్టెల లెక్కలోనే చూడాలి, మిగిలిన ఏళ్లలో ఎంత పని ఎక్కువ జరిగిందో చూసి తేల్చాలి అని. "అయితే మీ లియొనార్డో కూడా పోతుందిగా సార్" అన్నాడు. పోతుంది. పైన ఉన్న అరలు, మిగిలిన స్పేర్లు, అన్నీ స్టేషన్‌తోపాటే పసిఫిక్‌లోకి పోతాయి. దాన్ని దించే వాహనం చేయమని 2024 జూన్‌లో స్పేస్‌ఎక్స్‌కి 84 కోట్ల డాలర్ల పైన కాంట్రాక్టు కూడా ఇచ్చేశారు.